గోగునార గోడలు

నాగావళి ఒడ్డున ఒక గోనెసంచుల మిల్లు ఉండేది. అందులో మగ్గాల షెడ్డుకు ఆనుకుని ఒక పాత గిడ్డంగి. గోడ అవతల వందల మగ్గాలు ఒక్కసారిగా టకటకలాడుతుంటే, ఆ గిడ్డంగిలో ఒక మూల మాత్రం చెవుల్లో ఎవరో దూది కుక్కినట్టు ఉండేది. గాలి సోకిన చోటని, దెయ్యం చోటని కూలీలు రకరకాలుగా చెప్పుకునేవారు గానీ, మధ్యాహ్నం కునుకు మాత్రం అక్కడే తీసేవారు.

డాక్టర్ గేదెల హైమావతి ఆ గిడ్డంగికి వెళ్లింది బూజు కోసం. ఆమె విశాఖపట్నంలో నార పదార్థాల మీద పరిశోధన చేసే ఒక ప్రైవేటు కేంద్రంలో శాస్త్రవేత్త. వానాకాలం తడికి గోగునార బేళ్లు పాడైపోతున్నాయని మిల్లువాళ్లు కబురు చేస్తే నమూనాల కోసం వెళ్లింది. ఆ మూల బేళ్ల మీద తెల్లటి బూజు దుప్పటి కప్పినట్టు పట్టి ఉంది. దాన్ని చాకుతో కోస్తూ, వెంట వచ్చిన సహోద్యోగి దావీదును సంచీ అందించమని అడిగింది. అతను అందించి, ఇది చాలా ఇంకొకటి కావాలా అన్నాడు. అన్నాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మగ్గాల షెడ్డు పక్కన నిలబడి ఇద్దరు మనుషులు మామూలు గొంతుతో మాట్లాడుకోవడం జరిగే పని కాదు.

మగ్గాల మోత ఎలా ఉంటుందో హైమావతికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆమె తండ్రి అలాంటి మిల్లులోనే నేతపని చేసి, నడివయసు రాకముందే చెవులు పోగొట్టుకున్నాడు. ఆయన మాట్లాడితే వీధి చివరిదాకా వినిపించేది. ఆయనకు ఏదైనా చెప్పాలంటే వీధంతా వినేలా అరవాల్సి వచ్చేది. ఒకనాడు వెనకనుంచి వస్తున్న లారీ హారను వినబడక రోడ్డు మీదే పోయాడు. తల్లి అంతకుముందే పోయింది. అప్పటికి చెల్లెలు సుభాషిణి పలక పట్టుకునే వయసులో ఉంది. ఆ పిల్లను హైమావతే పెంచింది, చదివించింది, పెళ్లి చేసింది. తన పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునేది.

ల్యాబులో ఆ బూజు గుట్టు తేలడానికి రెండు వానాకాలాలు పట్టింది. గోగునారను, గోగుపుల్లల పొట్టును కలిపి తడిపి, బల్లపరుపు అచ్చుల్లో పోసి, అందులో బూజును విత్తేవారు. తెల్లటి దారాలు నారలోకి అల్లుకుపోయి, కొన్నాళ్లకు ఆ ముద్ద తేలికైన పలకగా గట్టిపడేది. దావీదు శబ్దాల ఇంజనీరు. అతను ఒక పలక ముందు స్పీకరు పెట్టి మగ్గం మోత వినిపించాడు. ఇంకొక పలకకు పంపుసెట్టు మోత. మొదట్లో రెండూ మామూలు నారపలకల్లాగే అన్ని చప్పుళ్లనూ కొద్దికొద్దిగా మింగాయి. పోనుపోను మగ్గం పలక ముందు మగ్గం నోరు పడిపోయింది. దాని ముందు నిలబడి మాట్లాడితే మాట మాత్రం స్పష్టంగా వినబడేది. స్పీకర్లు మార్చి చూస్తే, పంపుసెట్టు మోతను మగ్గం పలక అసలు పట్టించుకోలేదు.

"ఇది దూదిలా ఊరికే మింగడం లేదు మేడమ్," అన్నాడు దావీదు, సూక్ష్మదర్శిని మీంచి తలెత్తకుండానే. "మోత ఇటు తోస్తే దారాలు అటు తోస్తున్నాయి. తమని ఎక్కువగా ఊపే మోతేదో కనిపెట్టి, దానికి ఎదురు ఊగుతున్నాయి."

హైమావతికి అది అంత విడ్డూరంగా అనిపించలేదు. మగ్గం పక్కన బతికే బూజుకు ఆ అదురుకు దారాలు తెగిపోతాయి. తెగకుండా ఉండాలంటే ఆ అదురును చంపుకోవాలి. తనను ఏది బాధిస్తుందో దాన్నే ప్రాణి ముందుగా నేర్చుకుంటుందని ఆమె అంది. దావీదుకు ఆ మాట నచ్చి, తన బల్ల ముందు గోడ మీద రాసిపెట్టుకున్నాడు.

మొదట మిల్లులోనే పలకలు బిగించారు. పంట కోతల నాటికి మగ్గాల షెడ్డులో నేతగాళ్లు ఒకరినొకరు పేర్లు పెట్టి పిలుచుకున్నారు. ఇరవై ఏళ్లు పక్కపక్క మగ్గాల మీద పనిచేసిన ఇద్దరు, ఒకరి గొంతు ఎలా ఉంటుందో షెడ్డులో మొదటిసారి విన్నామని చెప్పారు. పరిశోధన కేంద్రం డైరెక్టర్ పట్నాయక్ గారు ఢిల్లీ వెళ్లి బహుమతి అందుకొచ్చారు. బొబ్బిలి వైపు రైతులు మానేసిన గోగు పంట మళ్లీ వేశారు. హైమావతి ఆ రోజుల్లో ఎప్పుడూ లేనంత సంతోషంగా ఉండేది. ఆదివారాలు చెల్లెలి ఇంటికి వెళ్లి, మరిది గౌరీశు వండిన చేపల పులుసు తిని, తండ్రి బతికుంటే ఆయనను షెడ్డుకు తీసుకెళ్లేదాన్నని అనేది.

తరువాత కమలాంబ ప్రసూతి ఆసుపత్రి వాళ్లు అడిగారు.

అది పేదవాళ్ల కోసం ఒక ధర్మసంస్థ నడిపే ఆసుపత్రి. కాన్పుల వార్డు పొడుగాటి హాలు. మంచానికీ మంచానికీ మధ్య అడ్డగోడలు, ఒక చివర నర్సుల బల్ల. సూపరింటెండెంటు డాక్టర్ విశాలాక్షి హైమావతిని లోపలికి తీసుకెళ్లి చూపించింది. ఒక మంచం మీద నొప్పులు పడుతున్న ఆమె పెట్టిన కేకకు, పక్క మంచం మీద వంతు కోసం చూస్తున్న పిల్ల గజగజ వణికిపోతోంది. ఎందుకే అంతలా అరుస్తావు, నీకొక్కదానికే నొప్పులా అని ఒక నర్సు కసిరింది. ఆ నర్సు పేరు రత్నకుమారి. హైమావతి చూపు తన మీద పడేసరికి ఆమె సిగ్గుపడి, పొద్దున్నించి సాయంత్రందాకా ఇవే అరుపులు వింటే మనుషులం మనుషుల్లా ఉండలేమని చెప్పుకుంది. వార్డులో అరుపులు తగ్గాలి, అంతే తమకు కావలసింది అంది విశాలాక్షి.

పలకలు బిగించే ముందు దావీదు ఒక మాట అన్నాడు. అరుపులు సగానికి తగ్గగానే పలకలకు వేడి పెట్టి బూజును చంపేద్దాం, అప్పుడు అది నేర్చుకున్నదాని దగ్గరే ఆగిపోతుంది అని. హైమావతి ఆలోచించింది. సముద్రం దగ్గరి తేమకు చచ్చిన పలక ఒక్క వానాకాలం ఆగదు. పొడిగా రాలుతుంది, దాని మీద వేరే చెడ్డ బూజులు పడతాయి. అప్పుడే పుట్టిన పిల్లలుండే చోట ఆ పొడి మంచిది కాదు. బతికున్న పలక తనను తానే కాచుకుంటుంది. అందుకని బతికే ఉండనిద్దాం అంది. దావీదు ఇంకోసారి చెప్పిచూశాడు. ఆమె వినలేదు.

మొదట్లో అంతా మంచే జరిగింది. వంతు కోసం చూసేవాళ్లు భయపడడం మానేశారు. నర్సుల గొంతులు వాటంతటవే దిగాయి. రత్నకుమారి ఒకనాడు పనిగట్టుకుని ల్యాబుకు వచ్చి హైమావతి చేతులు పట్టుకుంది. ఇంటికెళ్లినా చెవుల్లో ఆ కేకలే ఉండేవని, ఇప్పుడు కంటికి నిద్ర పడుతోందని, తన పిల్లల మీద విసుక్కోవడం కూడా తగ్గిందని చెప్పింది.

సుభాషిణి ఆర్టీసీలో కండక్టరు. ఆమెకు తండ్రి గొంతు వచ్చింది. పాలకొండ బస్సులో ఆఖరి సీటు కింద దాక్కున్నవాడు కూడా ఆమె పిలుపుకు టిక్కెట్టు కోసం లేచి నిలబడేవాడని తోటివాళ్లు నవ్వేవారు. పెళ్లయిన చాలా ఏళ్లకు ఆమె కడుపు పండింది. గౌరీశు కరెంటు ఆఫీసులో లైన్‌మన్. పెద్ద ఆసుపత్రిలో చేర్పిస్తానని అతను ఎంత చెప్పినా ఆమె కమలాంబ ఆసుపత్రే కావాలంది.

"మా అప్ప గోడలున్న ఆసుపత్రి ఉండగా ఇంకో చోట నానెందుకు కంటాను?" అంది, అక్క ముందే.

కాన్పు పొద్దున్న అయింది. ఆడపిల్ల. అంతా సవ్యంగా జరిగిందని గౌరీశు ఫోన్ చేస్తే హైమావతి సెలవు పెట్టి బయల్దేరింది. ఆమె చేరేసరికి మధ్యాహ్నమైంది. సుభాషిణిని హాలు చివర మంచానికి మార్చారు. బిడ్డ కొంచెం తక్కువ బరువుందని పక్క గదిలో వెచ్చని పెట్టెలో పెట్టారు. బల్ల దగ్గర రత్నకుమారి ఉంది. బాలింత అలిసిపోయి పడుకుందని, కాసేపు ఆగి లేపుదామని చెప్పి, హైమావతికి తన పక్కనే కుర్చీ వేసింది.

హైమావతి ఆ కుర్చీలో కూర్చుంది. చెల్లెలి మంచానికీ ఆమెకూ మధ్య నాలుగు అడ్డగోడలు, ఒక పరదా. ఫ్యాను రెక్క ఊగుతున్న చప్పుడు వినబడుతోంది. ఎవరో ఆయా తోస్తున్న బండి చక్రం కిర్రుమంటోంది. రత్నకుమారి కాగితాల మీద రాస్తుంటే ఆమె గాజులు బల్లకు తగిలి గలగలమంటున్నాయి. కాన్పుల వార్డు ఇంత నెమ్మదిగా ఉండడం చూసి ఆమె మనసు నిండిపోయింది. బిడ్డకు ఏం పేరు పెడదామని గౌరీశు అడిగితే, తల్లి లేచాక అడుగుదాం, లేకపోతే మనిద్దరినీ బతకనివ్వదు అంది. ముగ్గురూ నవ్వుకున్నారు. గౌరీశు ఫ్లాస్కులో పాలు తేవడానికి కిందికి వెళ్లాడు. హైమావతికి కూర్చున్నచోటే కాస్త కునుకు పట్టింది.

బీపీ చూడడానికి లేచి వెళ్లిన రత్నకుమారి పెట్టిన కేకకు ఆమె ఉలిక్కిపడింది. ఆ కేక అందరికీ వినబడింది.

పరుపు తడిసి, నెత్తురు మంచం కిందికి కారి, గోడ అంచుదాకా పారి ఉంది. డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. హైమావతిని పక్కకు లాగేశారు. వాళ్లు చేయగలిగినదంతా చేశారు. అప్పటికి చాలాసేపైపోయిందని డాక్టరు తరువాత చెప్పింది. కాన్పు తరువాత నెత్తురు ఆగకపోవడం అరుదేమీ కాదు, వెంటనే కనిపెడితే మనిషి దక్కుతుంది.

చెల్లెలి చేతిని చివరిగా సర్దింది హైమావతే. కుడిచేతి గోళ్లు విరిగి ఉన్నాయి. గోళ్ల సందుల్లో తెల్లటి దారాలు, గోగుపొట్టు. మంచం పక్కన పలక అంచు గీరుకుపోయి ఉంది. నిద్రపోతున్న మనిషి గోడనలా గీరదు.

ఆ సంగతి హైమావతి ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రి వాళ్లు రత్నకుమారిని ఆ రోజే పనిలోంచి ఆపేశారు. ముగ్గురితో విచారణ కమిటీ వేశారు. గౌరీశు కాష్టం దగ్గరే కూలబడి, ఆ నర్సు కూర్చుని కబుర్లు చెప్పింది వదినా, ఆమెను వదలను అన్నాడు. హైమావతి తల వంచుకుని ఊరుకుంది. పట్నాయక్ గారు పరామర్శకు వచ్చి, అక్కడ ఫ్యాను వినిపిస్తోంది, ఫోను వినిపిస్తోంది, నర్సు కేకే అందరికీ వినిపించింది, కాబట్టి పలకల మాట ఎక్కడా రాకుండా చూసుకోండని మెత్తగా చెప్పి వెళ్లారు. ఆయన వెళ్లాక ఆమె అన్నం కూడా వండుకోలేదు. బూజును బతికుండనిచ్చింది తనే, తప్పు తనదేనని ఆమెకు తెలుసు. తెలిసి కూడా, బయటికి చెప్పకపోతే అది కొంచెం తక్కువ నిజమవుతుందేమోనన్న ఆశ ఒకటి లోపల ఉండిపోయింది.

దినవారాలు పూర్తికాకముందే రత్నకుమారి ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఆమె పిలవనేదు మేడమ్. నా పిల్లల మీద ఒట్టు, పిలవనేదు. నాను పిలుపు విని ఊరుకున్నానని అంటన్నారు. ఇరవై మూడేళ్ల సర్వీసు నాది. మీరూ అక్కడే ఉన్నారు కదా. మీకూ వినబడనేదు కదా. ఆ ఒక్క ముక్క చెప్పండి చాలు."

నా చెల్లెలు పిలిచింది అంది హైమావతి. మనిద్దరికీ వినబడకుండా పిలిచింది అంది. రత్నకుమారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, గుమ్మంలోనే కూలబడిపోయింది.

హైమావతి అదే మాట కమిటీకి చెబితే వాళ్లు నమ్మలేదు. దావీదు యంత్రాలతో వచ్చి కొలిచి చూపించాడు. లెక్కలు వాళ్లకు ఎక్కలేదు. ఫ్యాను చప్పుడు వినబడే గదిలో మనిషి అరుపు వినబడకపోవడమేమిటని, కమిటీ పెద్దగా ఉన్న రిటైర్డు సివిల్ సర్జను నవ్వు ఆపుకుంటూ అడిగాడు. అయితే మీ చెవులతోనే వినండి అంది హైమావతి. ఆ పూటకు వార్డు ఖాళీ చేయించారు. కమిటీ వాళ్లను, గౌరీశును, రత్నకుమారిని నర్సుల బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఆమె ఒక్కతే హాలు చివరి మంచం దగ్గరికి వెళ్లి పరదా లాక్కుంది.

మొదలుపెడుతున్నానని అక్కణ్నుంచి చెప్పింది. సరే కానివ్వండని వాళ్లు బదులిచ్చారు. మాటకు ఏ అడ్డూ లేదు.

ఏయ్ అని ఒక కేక వేసింది. వినబడుతోంది అని సర్జను గొంతు వచ్చింది. అది బజారులో వేసే కేక అని ఆమెకే తెలిసింది. ఈ గోడలు నేర్చుకున్న కేక వేరు. ఆమె ఎన్నడూ బిడ్డను కనలేదు. అది ఎలా తేవాలో తెలియక మంచం ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడింది. గీరుకుపోయిన పలక అంచు కళ్లెదుట ఉంది. దాని మీద చెయ్యి పెట్టింది. గీతల్లో వేళ్లు ఒక్కొక్కటే పడ్డాయి. సుభాషిణి చేతికి ఎంత ఎత్తులో అందిందో, ఎంత బలంగా గీరిందో వేళ్లకు తెలిసింది.

అరిచింది. గొంతు నరాలు తెగేలా అరిచింది. చెల్లెలిని పిలిచింది, నాన్నను పిలిచింది, పేరు లేని ఏదో అరుపు అరిచింది. ఆమె అరుపు ఆమె చెవులకే రాలేదు. ఎముకల్లో అదురు మాత్రం తెలుస్తోంది. నీళ్లలో మునిగి అరిచినట్టుంది. పక్కన పలకల మీది సన్నటి నూగు, గాలి లేకుండానే, ఒత్తుగా లేచి వణికింది. ఊపిరి అయిపోయేదాకా అరిచి, మంచం మీద కాసేపు పడిపోయి, లేచి పరదా తొలగించుకుని బయటికి వచ్చింది.

వాళ్లు టీ తాగుతున్నారు. సర్జను కప్పు కింద పెట్టి, ఆమె వైపు మర్యాదగా చూశాడు.

"మేము సిద్ధంగానే ఉన్నామమ్మా. ఇంక మొదలుపెట్టండి," అన్నాడు.

హైమావతి నోరు తెరిచింది. గొంతు బొంగురుపోయి మాట రాలేదు. పెదవి చిట్లి నెత్తురు వస్తోంది. గౌరీశు ఆమె మొహాన్ని చూశాడు, హాలు చివరి మంచాన్ని చూశాడు. కుర్చీలోంచి లేచి, గోడకు తల ఆనించి నిలబడిపోయాడు. సర్జను లేచి పరదా దాకా వెళ్లి వచ్చి, ఇంకోసారి చెయ్యాలమ్మా, ఈసారి నేను దగ్గరుండి చూస్తాను అన్నాడు. ఆమె మళ్లీ అరిచింది. ఆయన మొహంలో మొహం పెట్టినంత దగ్గరగా నిలబడి చూసి, చూపు తిప్పుకున్నాడు.

రత్నకుమారి మీద తప్పు లేదని రాశారు. పలకలు ఊడదీసి ఆసుపత్రి వెనక తగలబెట్టారు. రత్నకుమారి మాత్రం మళ్లీ ఆ వార్డులో అడుగు పెట్టలేదు. చప్పుడు లేకుండా ఎవరు పడుకున్నా తట్టి లేపేది, నిద్రలో ఉన్న తన పిల్లలను కూడా.

గౌరీశు బిడ్డను పార్వతీపురంలో తన తల్లి దగ్గరికి తీసుకుపోయాడు. బస్సు ఎక్కే ముందు హైమావతి ఇంటికి వచ్చాడు గానీ లోపలికి రాలేదు.

"ఇంకో చోట కనుంటే బతికుండేది వదినా," అన్నాడు. గొంతులో కోపం లేదు. "నువ్వు కావాలని చెయ్యలేదు. నాకు తెలుసు. కానీ నిన్ను చూస్తే నాకు ఆ గోడలే కనబడతాయి. పాప కోసం రాకు."

ఆమె సరేనంది. బిడ్డ అతని భుజం మీద నిద్రపోతోంది. పేరు పెట్టారా అని అడగాలనుకుంది, అడగలేకపోయింది.

మర్నాడు ల్యాబుకు వెళ్లి, గాజు సీసాల్లో పెంచుతున్న బూజునంతటినీ ఆవిరి యంత్రంలో పెట్టి ఉడికించేసింది. పట్నాయక్ గారు కబురు పెట్టారు. ఆమె రాజీనామా తెచ్చి ఇస్తే తీసుకుని, కూర్చోమన్నారు. మీరు చాలా బాధలో ఉన్నారు, నేనేమీ అనను అన్నారు. అయితే ఒక్క సంగతి మీరు తెలుసుకోవాలి అన్నారు. మీరు లోపమంటున్నారే, సరిగ్గా అదే కావాలని అడుగుతున్నవాళ్లున్నారు. ఎవరు అని ఆమె అడిగింది. ఆయన చెప్పలేదు. అరచేయంత పలక ముక్క ఒకటి ఉంటే మళ్లీ ఎంతైనా పెంచవచ్చునని ఇద్దరికీ తెలుసు. ఆమె సీసాలు ఉడికించకముందే అలాంటి ముక్కలు కొన్ని ఎక్కడికో వెళ్లిపోయాయి.

ఎక్కడికో దావీదు కనిపెట్టాడు. అతనూ ఉద్యోగం మానేశాడు గానీ, పలకలు మోసుకెళ్లిన వ్యాను డ్రైవరు అతనికి తెలిసినవాడు. పట్నం శివార్లలో, కొండ వారగా ఒక పెద్ద కాలేజీ హాస్టలు. ఇంటర్మీడియట్ చదివే పిల్లలు. చదువుకునే గదులు, పడుకునే గదులు, స్నానాల గదులతో సహా అన్నింటికీ లోపలి గోడలు గోగునారతో కప్పారట. పిల్లలకు ఏకాగ్రత కోసమని బయట పెద్ద బోర్డు పెట్టారు.

హైమావతి పోలీసులకు చెప్పింది. కలెక్టరు ఆఫీసులో చెప్పింది. ఆసుపత్రి సంగతి ఆసుపత్రిది, ఇక్కడ ఎవరూ చచ్చిపోలేదు కదమ్మా అన్నారు. ఒక విలేఖరి శ్రద్ధగా విన్నాడు. వార్త మాత్రం రాలేదు.

ఒక ఆదివారం ఉదయం, తల్లిదండ్రులను లోపలికి వదిలే రోజున, ఆమె ఆ హాస్టలుకు వెళ్లింది. రత్నకుమారి కూడా వస్తానని వెంట వచ్చింది. ఇద్దరూ ప్రహరీగోడ పక్కన నిలబడి చెవులు రిక్కించారు. ఐదంతస్తుల భవనం. వంటింట్లో కుక్కరు విజిల్ వేసింది. మేడ మీద నీళ్ల ట్యాంకు నిండి పొర్లుతోంది. పిల్లలెవరో గట్టిగా సూత్రాలు వల్లెవేస్తున్నారు. ఒకరు నవ్వారు కూడా.

బాగానే ఉన్నట్టున్నారు కదా మేడమ్ అంది రత్నకుమారి, ఆశగా. ఆ మాట అన్నాక తనే కిటికీల వైపు చూస్తూ మెల్లగా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అన్ని వందలమంది పిల్లలున్న ఇంట్లో ఎవరూ ఏడవడం లేదా? ఏడిచేది వినబడడం లేదా? ఇక్కడ నిలబడినవాళ్లకు తెలుసుకునే దారి లేదు.

కాపలావాడు ఎవరి కోసం వచ్చారని అడిగాడు. పేరు చెప్పలేకపోయారు. పేరు లేకుండా లోపలికి వదలనన్నాడు. ఇద్దరూ రోడ్డుకు ఇవతల టీబడ్డీ బల్ల మీద కూర్చున్నారు. వచ్చిన తల్లిదండ్రులను ఒక్కొక్కరినే ఆపి చెప్పసాగారు. మీ పిల్లలు ఏం చెబుతారో వినడం కాదు, మొహాలు చూడండి, చేతులు చూడండి, ఎంత తింటున్నారో చూడండి అని. కొందరు నవ్వారు. కొందరు పక్కనుంచి తప్పుకుపోయారు. ఒకావిడ, మీరేదో వేరే కాలేజీ వాళ్ల మనుషులా అని గద్దించింది.

సంచీలో అరిసెలు, జామకాయలు పట్టుకుని ఒక పెద్దమనిషి వచ్చాడు. పాచిపెంట వైపు రైతు, కాళ్లకు ఇంకా పొలం మట్టి ఉంది. ఆయన మాత్రం ఆగి, చెప్పిందంతా ఓపికగా విన్నాడు. విని, ఈ ఇద్దరు ఆడవాళ్ల మీద జాలిపడ్డట్టు నవ్వాడు.

"మావోడికి ఆ బెంగే నేదమ్మా. మొదట్లో ఫోన్ చేసి ఒకటే ఏడుపు, ఇంటికి తీసుకుపోండని. ఈ గదిలోకి మారినాక అసలు ఏడుపన్నదే నేదు. ఫోన్ చేస్తే కిక్కురుమనడు. వార్డెనుబాబు కూడా అదే అన్నాడు, బంగారం లాంటి గుంటడని."

ఆయన సంచీ సర్దుకుని గేటు వైపు నడిచాడు. హైమావతి వెనకాల పరుగెత్తి, ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఈ పూటే వాడిని మీతో ఇంటికి తీసుకుపోండి అంది. ఆయన మెల్లగా చెయ్యి విడిపించుకుని, పిల్లోడి చదువు పాడైపోద్ది కదమ్మా అని లోపలికి వెళ్లిపోయాడు. గేటు మూశారు. కాపలావాడు కర్ర చూపించి దూరంగా పొమ్మన్నాడు.

రోడ్డు మీద ఇంకో ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఒక తల్లి దిగుతోంది. హైమావతి ఆమెకు ఎదురెళ్లింది.